పెంకుల పొరలో పగులు

పుస్తకాన్ని పైనుంచి చదువుతాం, కొండను కింది నుంచి చదవాలి. భూగర్భశాస్త్రం చెప్పే పంతులమ్మ ఏటా ఈ మాటతోనే నడక మొదలుపెడుతుంది. రోడ్డు కోసం నిలువునా కోసిన కొండ ముందు విద్యార్థుల్ని నిలబెట్టి, అడుగునున్న నల్ల పొర ముత్తాత, దానిమీది ఎర్ర పొర తాత, ఆపైన పసుపు గులకరాళ్లది నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల అని వరసలు కలిపింది. నల్ల, ఎర్ర పొరల్ని చీల్చుకుంటూ పోయిన పగులు చూపించింది.

"పొరకన్నా పగులు వయసులో చిన్నది. లేని చొక్కాని ఎవరూ చింపలేరుగా!"

అందరూ నవ్వారు.

ఆ పగులు ఆమెకు పాతదే. ఈ కొండ కింద ఇళ్లు కట్టొచ్చా అని నాలుగేళ్ల కిందట కట్టేవాళ్లు అడిగితే, పసుపు పొర దగ్గర ఆగిపోయింది కనుక అది ఎప్పుడో చచ్చిన, ఇక కదలని పగులని రాసి సంతకం పెట్టింది. ఆ కాగితాన్ని నమ్మి సొంత చెల్లెలే అక్కడ ఇల్లు కొనుక్కుంది.

"మేడం!" పైనుంచి కేక. క్లాసంతా 'ముక్కుసూటి' అని పిలిచే అమ్మాయి మేకలా గట్టెక్కి కూర్చుంది. "ఇక్కడ పెంకుముక్కల పొర ఉంది. పగులు దీన్ని కూడా చీల్చేసింది."

పంతులమ్మ పాక్కుంటూ ఎక్కింది. మొన్నటి వానకు గడ్డి ఊడిపోయి గట్టు తేటగా కనబడుతోంది. ఎర్ర పెంకులు, సిమెంటు పెళ్లలు. ఇళ్లు కట్టాక మిగిలింది తెచ్చి ఇక్కడ పోశారు. పగులుకు ఇవతల ఆ పొర జానెడు కిందికి జారి ఉంది.

"అంటే ఈ పగులు ఇళ్లకన్నా చిన్నదా మేడం?"

నాలుగేళ్ల కిందట చూడ్డానికి వచ్చిన రోజు ఎండగా ఉందని, గడ్డి కప్పిన పసుపు పొరను ఆమె కింది నుంచే చూసి సరిపెట్టుకుంది. ఫోను తీసి చెల్లెలికి కలిపింది.

"చెల్లీ, ఉన్నపళంగా బయటికి వచ్చెయ్. కొండ కదులుతోంది."

"పొయ్యిమీద పాలున్నాయే అక్కా. ఏం కాదని నువ్వేగా రాశావ్?"

"తప్పు రాశాను."

అవతల చెల్లెలు పొయ్యి కట్టేసిన చప్పుడు.

"పక్కిళ్లవాళ్లకి ఏం చెప్పను?"

"బయటికి రమ్మను. మిగతాది నేనొచ్చి చెబుతా."

"గోడలు బీటలిచ్చాయని వాళ్లు నెల రోజులుగా మొత్తుకుంటున్నారక్కా. మా అక్క తప్పు రాయదని నేనే వాళ్ల నోళ్లు మూయించాను."