పన్నెండో మేకు

పొద్దున్నే గాలి పెద్దమ్మ చేసే మొదటి పని గోడ తుడవడం. ఆ గోడకి పన్నెండు మేకులు, మేకుకో పాత పైలట్ మాస్కు. ముప్పై ఏళ్లుగా సోఫాలు కుడుతున్నా ఆవిడ ప్రాణమంతా విమానాల చరిత్రలోనే, ముఖ్యంగా అంత ఎత్తున మనిషి ఊపిరి నిలబెట్టే సామాన్లలోనే. మాస్కులు తీరుబడిగా గాలి పీల్చి వదులుతుంటాయి. పక్కింటావిడ తడిబట్టలు తెచ్చి వాటి ముందే ఆరేసుకుంటుంది.

ఆ రోజు పన్నెండో మేకు ఖాళీ. విమాన ప్రదర్శన మేనేజరు ఆ మాస్కును అడిగి పట్టుకెళ్లాడు. పాత విమానాన్ని పాత సామాన్లతోనే ఇరవై వేల అడుగులు ఎక్కిస్తారట. నడిపేది పెద్దమ్మ చెల్లెలి కూతురే. ఇచ్చేటప్పుడు పెద్దమ్మ ఎర్ర సిరాతో చీటీ రాసి మరీ కట్టింది: నూనె చుక్క తగలకూడదు.

మైదానానికి వెళ్లి చూస్తే మాస్కు కొత్త బూటులా నిగనిగలాడుతోంది. పెద్దమ్మ వాసన చూసింది. ముక్కుపుటాలు అదిరాయి.

"ఎవడు పూశాడిది?"

"నేనే మేడం," అన్నాడు మేనేజరు మురిసిపోతూ. "ఫొటోల్లో మెరవద్దూ!"

"చీటీ చదవలేదా?"

"చదివాను. చుక్క వద్దన్నారు కదా, గుడ్డతో రాశాను."

"నీ తెలివి తగలెయ్య! నూనె మీదికి ఆక్సిజన్ వదిలితే అగ్గిపుల్ల కూడా అక్కర్లేదయ్యా, దానంతటదే అంటుకుంటుంది! దీన్ని పిల్ల మొహాన పెడతావా?"

జనం తిరిగి చూశారు. మేనేజరు మొహం కందగడ్డయింది. "సోఫాలు కుట్టేవాళ్లా మాకు చెప్పేది!" అని ఇద్దరు కాపలావాళ్లను పిలిచాడు. వాళ్లు చెరో రెక్కా పట్టి లాక్కెళ్తే పెద్దమ్మ కాళ్లు వెళ్లాయిగానీ నోరు మాత్రం అక్కడే ఉండిపోయింది.

"మీ పెద్దమ్మ సంగతి తెలిసిందేగా," అన్నాడు మేనేజరు, విమానం సీట్లో కూర్చున్న అమ్మాయితో. "నువ్వు కాదంటే ఇంకో పైలట్ రెడీ."

ఐదేళ్లుగా ఆ సీటు కోసమే పడిగాపులు పడింది ఆ పిల్ల. మాస్కును మొహం దగ్గరికి తెచ్చుకుంది.

మాస్కు ఊపిరి బిగబట్టింది.

చిన్నప్పుడు సెలవుల్లో ఆ గోడ పక్కనే పడుకునేది తను. ఆ పన్నెండింట్లో ఒక్కటి కూడా ఎన్నడూ ఊపిరి ఆపలేదు. దులిపింది. బుజ్జగించింది. ఉహూ. ఇంకాసేపు సీటు వంక చూసి, దిగేసింది.

"ఇంత పిరికితనమా! ఏమీ కాదు, చూడు!" మేనేజరు మాస్కు లాక్కుని బల్లమీద పడేశాడు. గొట్టం తగిలించి ఆక్సిజన్ సీసా మర గిర్రున తిప్పాడు.

భగ్గుమంది. బల్లమీది గుడ్డ పోయింది. మేనేజరు మీసంలో ఎడమ సగం పోయింది. కుడి సగం బిత్తరపోయి నిలబడింది.

కాపలావాళ్లే పరిగెత్తుకొచ్చి సీసా మర కట్టేశారు. వాళ్ల వెనకే పెద్దమ్మ.

"మెరిసిందా నాయనా?" అంది మేనేజరుతో. గిర్రున పిల్ల వైపు తిరిగింది. "నువ్వెందుకే అంతసేపు ఆలోచించావ్? సీటు ముఖ్యమా, మొహం ముఖ్యమా?"

"అది కాదు పెద్దమ్మా..."

"ఏది కాదు? నోర్ముయ్!"

తిడుతూనే, నల్లగా ముడుచుకుపోయిన మాస్కును చేతిరుమాలుతో ఎత్తి ఇద్దరి మధ్యా పట్టుకుంది. అప్పుడు వదిలింది మాస్కు, బిగబట్టిన ఆ ఊపిరి. పిల్ల చెంపకి వెచ్చగా తగిలింది.

మాస్కు మళ్లీ పీల్చలేదు. పెద్దమ్మ తిడుతూనే ఉంది.