గంపల లెక్క

మా ఆయన ఏసేపు పాటలు కట్టేవాడు. నా మొగుడని పొగుడుకోవడం కాదు, మైదుకూరు నుంచి బద్వేలు దాకా మా వాళ్ళ గుళ్ళలో క్రిస్మస్ నాడు చెక్కభజన ఎక్కడ ఆడినా అందులో ఒక్కటైనా ఆయన పాట ఉండేది. చదువు రాదు. రెండెకరాల చేను, ఒక బావి, బావి నీళ్ళు పైకి లాగే కపిలకు ఒక జత ఎద్దులు, వాళ్ళ నాయన చేసిచ్చిన భజన చెక్కలు, అంతే ఆస్తి. ఎద్దులు ఏటవాలు బాటలో దిగుతుంటే బానకు కట్టిన మోకుతాడు మీద కూర్చునేవాడు. బావిలోంచి నీళ్ళబాన పైకొచ్చేలోపు ఒక చరణం, ఎద్దుల్ని వెనక్కి నడిపించుకొచ్చేలోపు ఇంకో చరణం. అట్లా ఏడాదికొక కొత్త పాట క్రిస్మస్‌కు తయారయ్యేది.

జర్మనీ యుద్ధం అయిపోయాక వాన మొహం చాటేసింది. బావి ఎండింది, కపిల ఆగింది, దానితోపాటే పాటా ఆగింది.

మొదటి ఏడు "వస్తుందిలే" అన్నాడు. రెండో ఏడు ఉపవాసాలు మొదలుపెట్టి, గుట్ట మీదికి పోయి కూర్చునేవాడు. ఒకరోజు పాటకు రెండు పాదాలు దొరికాయని పరుగున వచ్చాడు. నేను సంగటి పెట్టేలోపే ఈ మాట బాగలేదు, ఆ మాట పాతది అని వాటిని అటు తిప్పి ఇటు తిప్పి, సాయంత్రానికి "థూ, ఇదొక పాటనా!" అని లేచిపోయాడు. ఆ రెండు పాదాలు ఏవో నాక్కూడా గుర్తులేనంతగా నలిపేశాడు.

రెండు క్రిస్మసులు పాత పాటలతోనే గడిచాయి. మూడో ఏడు మా పాస్టరు ప్రకాశమయ్యగారితో చెప్పేశాడు.

"ఈ పండక్కూడా పాట రాకపోతే చెక్కలు తెచ్చి గుళ్ళో పెట్టేస్తానయ్యా. ఇచ్చినోడే తీసుకున్యాడు. ఇంక నేను పాడను."

పాడనంటే పాడడు. ఆ మొండితనం నాకు తెలుసు. పాట లేని ఏసేపు ఎట్లా ఉంటాడో కూడా తెలుసు. పిలిస్తే పలకడు, పెడితే తినడు, ఎద్దుల మెడ నిమురుతూ పొద్దంతా కొట్టంలోనే ఉంటాడు. పేరుకు విశ్వాసమ్మనే గానీ నాకు ఓపిక తక్కువ, భయం ఎక్కువ. ఈ మనిషి ఇట్లాగే మిగిలిపోతే నా గతేమిటి దేవుడా అని దిగులు పట్టుకుంది.

పండగ ఇంకా ఆరు వారాలుందనగా ఒకరోజు అడిగేశాను.

"ఏమయ్యా, గుట్ట మీద కూర్చుంటే నీళ్ళూ రావు, పాటా రాదు. బాయన్నా లోతు చేస్తాం రా."

"చెయ్," అన్నాడు. అదే ఆరోజు ఆయన నాతో మాట్లాడిన మొత్తం.

బాన తీసేసి మోకుకు పెద్ద గంప కట్టాము. పక్క చేను భీమక్క తోడు వచ్చింది. వాళ్ళు సుంకులమ్మను కొలిచేవాళ్ళు, మేము ఏసుప్రభువును. చేలో మాత్రం ఒకరి పనికి ఒకరం పోయేవాళ్ళం. మేమిద్దరం రాతిమెట్ల మీదుగా అడుక్కి దిగి, గడ్డపారలతో పొడిచి, రాళ్ళు గంపకెత్తాలి. ఆయన పైన ఎద్దులతో లాగి కుమ్మరించాలి.

బావిలో మనుషులున్నప్పుడు కపిల తోలేవాడు నోరు మూయకూడదు. అది మా దిక్కు కట్టుబాటు. అడుగున ఉన్నవాళ్ళు తలెత్తితే కంట్లో మట్టి పడుతుంది, అందుకని చెవులతోనే కనిపెట్టుకోవాలి. పాట దూరమవుతుంటే ఎద్దులు దిగుతున్నాయి, గంప పైకి పోతోందని అర్థం. పాట దగ్గరవుతుంటే గంప కిందికొస్తోంది, గోడ వారకు జరగాలి.

మొదటి రోజు ఆయన పాడలేదు. గంప ఎక్కడుందో మాకు తెలియలేదు. తలకాయంత రాయి జారి భీమక్క కాలికి జానెడు దూరంలో పడింది.

"సచ్చినోడా!" అని అరిచాను. మొగుణ్ణి అట్లా అనకూడదని నాకూ తెలుసు. "పాడు! నోరు పడిపోయిందా?"

"నా నోట పాట లేదని చెప్తి గదమ్మే!"

"దేవుని పాట ఎవురడిగినారు నిన్ను? గంపలు లెక్కపెట్టు. ఒకటీ రెండూ గూడా మర్చిపోయినావా?"

పైన ఎద్దుల్ని అదిలించిన చప్పుడైంది. తర్వాత "ఒకటీ..." అని సాగదీశాడు. ఆ రోజంతా వట్టి అంకెలే. విసుగ్గా, గొంతులో దుమ్ము పడినట్టు పాడాడు. అయినా మా ప్రాణాలకు అంకెలు చాలు.

మర్నాడు అంకెలకు తోకలు మొలిచాయి. "ఏడాయె గంపా, ఎర్రెద్దా నీకేం తొందరా" అని ఎద్దుల్ని తిట్టడం మొదలైంది. భీమక్క పడీ పడీ నవ్వింది.

నాలుగో రోజనుకుంటాను. ఇరవై ఒకటో గంప మా తల మీదుగా లేచింది.

*ఇరవై ఒకటాయె...*
*రాయి తవ్వితే రాయేనా తండ్రీ*
*రాతి లోపలి చల్లన నీదేనా తండ్రీ*

నా చేతిలో గడ్డపార ఆగిపోయింది.

పదిహేనేళ్ళుగా ఆ గొంతు వింటున్నాను, ఎప్పుడూ పక్కనుంచే. బావి అడుగునుంచి వినడం అదే మొదలు. అది పైనుంచి దిగి, రాతిగోడలన్నీ చుట్టుకుని, నా కాళ్ళ కిందనుంచి కూడా వచ్చింది. గోడకు చెయ్యానిస్తే గోడ పలుకుతోంది. ఇంత గొంతున్న మనిషితోనా నేను రోజూ కూరలో ఉప్పు దగ్గర పోట్లాడేది అనుకున్నాను. వంగి, అప్పుడే పగిలిన రాయిని తాకి చూశాను. నిజంగానే లోపలివైపు చల్లగా ఉంది. ఎండలో ఎద్దుల వెంట తిరిగే మనిషికి ఆ సంగతి ఎవరు చెప్పారో నాకు ఈనాటికీ తెలియదు.

"వదినా, ఇది పాట గదా..." అని భీమక్క నోరు తెరిచింది. మట్టిచేత్తోనే ఆమె నోరు మూశాను.

"చెప్పినామంటే సస్తాది," అన్నాను. "పాటని తెలిస్తే నలిపేస్తాడు. లెక్కనే అనుకోనీ."

ఆ సాయంత్రం సంగటి పెడుతూ, ఏమీ ఎరగనట్టు అడిగాను.

"ఇరవై ఒకటో గంపకు ఏం పాడితివయ్యా?"

"ఏం పాడినా? లెక్కపెట్టినా. ఏం, తప్పినానా?"

"లేదులే, తిను."

మారు సంగటి పెట్టించుకున్నాడు. రెండేళ్ళలో అదే మొదటిసారి.

నాకు రాయడం రాదు. ఒక చరణం దొరికితే గోడ సందులో ఒక చిన్న రాయి పెట్టేదాన్ని. గడ్డపార దెబ్బకొక మాట చొప్పున నేనూ భీమక్కా దాన్ని మళ్ళీ మళ్ళీ అనుకునేవాళ్ళం. మధ్యలో వారం రోజులు ఏమీ రాలేదు, వట్టి అంకెలే. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం ఆపలేదు. కింద మేముంటే ఎట్లా ఆపుతాడు? ఎనిమిదో రోజు ఎద్దును మురిపెంగా పిలుస్తూ మళ్ళీ ఒక చరణం అన్నాడు. పండగనాటికి బావిలో చెమ్మ తగిలింది, అంతే. గోడ సందులో మాత్రం మూడు రాళ్ళున్నాయి.

క్రిస్మస్ పొద్దున గుడి నిండిపోయింది. ప్రకాశమయ్యగారు ప్రార్థన ముగించి, "ఏసేపూ," అన్నారు. ఆయన లేచాడు. ఉతికిన పంచె కట్టుకున్నాడు, మొహంలో నెత్తురు లేదు. చెక్కలు తీసుకుపోయి బల్ల మీద పెట్టాడు.

"నా దగ్గర లేదయ్యా," అన్నాడు.

ఆడవాళ్ళ వరసలోంచి లేచి నిలబడ్డాను. నాది కాకిగొంతు. అంకెలు తీసేసి మొదలుపెట్టాను.

రాయి తవ్వితే రాయేనా తండ్రీ...

జనం తలలు తిప్పారు. ఆయన తిప్పలేదు, బల్లవైపే చూస్తున్నాడు. నేను రెండోదానికి వచ్చాను.

*ఎద్దుకెరుక దారి, మోకుకెరుక బరువు*
*నాకెరుక లేదాయె, నీకెరుకే తండ్రీ*

అప్పుడు తిరిగాడు. కళ్ళనిండా నీళ్ళు.

"ఎవురు కట్టినారమ్మే ఈ పాట?" అన్నాడు, అందరి ముందరే. "యాడ నేర్చినావు? శానా బాగుండాది."

తను పోగొట్టుకున్నది ఇంకొకడికి దొరికిందని ఆయనకు ఈర్ష్య కలగలేదు. సంతోషపడ్డాడు. మూడోది ఎట్లా పాడానో నాకే తెలియదు. అది బావిలో ఉన్న నా మీద కట్టిన చరణం మరి.

*అడుగునున్న మనిషికి చేటంత ఆకాశం*
*అంచునున్న నాకేమో బాయంత చీకటి*

రెండో పాదానికి నేను నోరు తెరిచేలోపే ఆయన పెదాలు కదిలాయి. చరణం ముగిసేదాకా కదులుతూనే ఉన్నాయి.

"నలభై మూడు," అన్నాడు మెల్లగా.

గుడిలో ఎవరికీ అర్థం కాలేదు. గడప అవతల నిలబడ్డ భీమక్కకు అర్థమైంది, "అవునన్నా, నలభై మూడే!" అని అరిచింది.

"ఇది నా గంపల లెక్క గదే," అన్నాడు.

"నీదే."

"నేను పాటనుకోలేదే."

"అందుకే గదా వచ్చింది," అన్నాను. ఏడుస్తూ కూడా కోపంగానే అన్నాను, నా తీరే అంత.

ఆయన చాలాసేపు నావైపు చూశాడు. పెళ్ళినాడు కూడా అట్లా చూడలేదు. తర్వాత వెనక్కి తిరిగి, ఎవరిదో వస్తువును ముట్టుకున్నట్టు జంకుతూ, బల్ల మీది చెక్కలు తీసుకున్నాడు. ఒకసారి కొట్టాడు. "నలభై నాలుగాయె..." అని ఎత్తుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన చరణం బావిలో నేనుగానీ భీమక్కగానీ ఎన్నడూ వినలేదు. అక్కడే, మా అందరి ఎదుటే పుట్టింది. ప్రకాశమయ్యగారు బైబిలు మూసి వినసాగారు.

ఫిబ్రవరిలో బావిలో నీళ్ళు పడ్డాయి. రాతి నెరియలోంచి బుడబుడమని పొంగుతుంటే ఊరు ఊరంతా అంచున చేరి నోళ్ళు తెరుచుకుని చూసింది. నేను చూసి, ఇంటికి పోయి పొయ్యి ముట్టించుకున్నాను. అట్లాంటిది నేను అప్పటికే ఒకసారి గుళ్ళో చూసి ఉన్నాను.