మెరుపు గీత

అరటిపళ్ళ దగ్గర మొదలైంది అనుమానం.

సనిత్ అక్క రువన్ ఒంటి మనిషి. గుడి ప్రహరీ వెనకాల చిన్న ఇంట్లో ఉంటుంది, ఒక పూట వండుకుని రెండు పూటలు తింటుంది. అలాంటి మనిషి సంతలో అరటిపళ్ళు గెలలకి గెలలు కొంటోందని చేపలమ్మే ఆవిడ చెప్పినప్పుడు సనిత్ నవ్వి ఊరుకున్నాడు గానీ, ఇంటికెళ్ళేసరికి ఆ నవ్వు ఇంకిపోయింది. తినడానికైతే నాలుగు పళ్ళు చాలు. గెలలు దేనికో ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. బాగా మగ్గిన అరటిపండు, సున్నం, తెల్లమట్టి, నూనె కలిపి దంచితేనే రక్షకి మెడలో వేసుకునే బుద్ధుడి బిళ్ళ బీటలు వారకుండా ఆరుతుంది.

ఆ ఊరికి అన్నం పెట్టేవి ఆ బిళ్ళలే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే సనిత్ అన్న. ఆయన్ని ఇప్పుడు అన్నా అనడానికి లేదు. మీసాలు రాని వయసులో కాషాయం కట్టి, థాయ్ దక్షిణాది జిల్లాలన్నిటికీ లువాంగ్ ఫో అయి కూర్చున్నాడు. లువాంగ్ ఫో అంటే తండ్రిగారు. వెనకటికి వరదలొచ్చిన ఏడు, గుడికి కప్పు వేయించడానికి ఆయన మట్టి బిళ్ళలు చేసి పంచాడు. అవి మెడలో వేసుకున్నవాళ్ళు కొండ మలుపులో బోల్తాకొట్టిన బస్సులోంచి బట్టలు దులుపుకుని లేచొచ్చారట. అంతే, బ్యాంకాక్ నుంచి కార్లు రావడం మొదలైంది. ఆయన మళ్ళీ చేయలేదు, గుడిలో దాచిన ఆ ఏటి బిళ్ళలే ఒక్కొక్కటిగా కానుకలకి ఇస్తున్నారు. ప్రతి బిళ్ళ వెనకాలా ఆయన మంత్రం చదువుతూ నొక్కిన బొటనవేలి ముద్ర ఉంటుంది. ముద్రకి అడ్డంగా ఒక గీత. భక్తులు దాన్ని మెరుపు గీత అంటారు. ఆడవాళ్ళ చెయ్యి సోకకుండా చేసినవి కాబట్టే వాటికంత మహిమ అని కూడా అంటారు.

ఇంతటి మనిషికి తోడబుట్టడం బయటివాళ్ళు అనుకున్నంత సుఖం కాదు. సనిత్‌కి యాభై దాటాయి, ఈనాటికీ అతని పేరు లువాంగ్ ఫో తమ్ముడే. పెళ్ళి పిలుపుల మీద కూడా అలాగే రాస్తారు. రువన్ సంగతి మరీను. ఆయనకంటే ఆవిడ పెద్దది. చంకనేసుకుని మోసిన తమ్ముడి ముందు ఇప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని నేలకి నుదురు ఆనించాలి, తండ్రిగారూ అనాలి. ఆయన ఊళ్ళో ఆడవాళ్ళందర్నీ పిలిచినట్టే ఆవిణ్ణీ "ఉపాసికా" అంటాడు. సన్యాసికి ఆడవాళ్ళ చెయ్యి తగలకూడదు కాబట్టి ఏదైనా ఇవ్వాలన్నా చేతికి ఇవ్వకూడదు. ఆయన తన ముందు పరిచిన పసుపు గుడ్డ మీద పెట్టి వెనక్కి జరగాలి. రువన్ ఆ గుడ్డ మీద పళ్ళెం పెట్టినప్పుడల్లా ఠంగుమని చిన్న చప్పుడొస్తుంది. ఆ చప్పుడు ఎందుకొస్తుందో సనిత్‌కి తెలుసు.

అందుకే బ్యాంకాక్ నుంచి ఆచాన్ కోసిత్ దిగినప్పుడు సనిత్ మనసు తిన్నగా అక్క మీదికే వెళ్ళింది. ఆచాన్ అంటే గురువు. కోసిత్ బిళ్ళలు చూసి అసలో నకిలీయో తేల్చే పెద్దమనిషి. భూతద్దం కంటికి ఆనించి "అసలుదే" అన్నాడంటే ఇక దానికి తిరుగులేదు.

"ఈ మధ్య బజార్లోకి కొన్ని బిళ్ళలు వస్తున్నాయి సనిత్ గారూ," అన్నాడు కోసిత్, గుడి సంఘం గదిలో ఫ్యాను కింద కూర్చుని. "ముద్ర చూస్తే అసలుదే. అందులో నాకు సందేహం లేదు. మట్టే పచ్చిది. మొన్న మొన్న చేసినట్టుంది."

"అంటే?"

"అంటే లువాంగ్ ఫో గారే మళ్ళీ చేస్తూ ఉండాలి, లేకపోతే ఎవడో ముద్రకి అచ్చు తీసి ఉండాలి. రేపు అందరి ముందూ ఆయన వేలిముద్ర మట్టిలో తీసుకుంటాను. ఆయన చేయలేదంటే, దొంగ ఎవడో మీరే తేల్చాలి. సంఘానికి పెద్ద మీరేగా."

"తప్పకుండా," అన్నాడు సనిత్.

దొంగ మగవాడు కాడని అతనికి అప్పటికే గట్టి నమ్మకం. లోపల భయంతోపాటు, చెప్పుకోకూడదు గానీ, కాస్త సంతోషం కూడా ఉంది. బిళ్ళల మీద వచ్చే డబ్బుతోనే గుడి పక్కన ఆసుపత్రి లేస్తోంది, ఇంకా గోడల దగ్గరే ఉంది. లువాంగ్ ఫో పేరుకి మచ్చ పడితే అది అక్కడే ఆగిపోతుంది. ఆ పేరు కాపాడినవాడు సనిత్ అని ఒక్కసారైనా నలుగురూ అనుకుంటారు.

సాయంత్రం గొంతైనా సవరించుకోకుండా అక్క వంటింట్లోకి వెళ్ళాడు. రువన్ రోట్లో ఏదో దంచుతోంది. అతన్ని చూడగానే రోటి మీద చేట బోర్లించింది.

"ఏం దంచుతున్నావక్కా?"

"పచ్చడి."

"పచ్చడంటే రొయ్యలు పడాలిగా, ఆ వాసన రావట్లేదే. అరటిపండు వాసన వస్తోంది."

"పోలీసు ఉద్యోగం ఎప్పుడొచ్చిందిరా నీకు? ముందే చెప్పుంటే తీపి చేసేదాన్ని."

సనిత్ మూలనున్న జల్లెడ మీది గుడ్డ లాగాడు. తడి ఆరని తెల్లటి బిళ్ళలు వరసగా బోర్లించి ఉన్నాయి. ప్రతిదాని వెనకాలా బొటనవేలి ముద్ర. ముద్రకి అడ్డంగా గీత.

"ఎంతకి అమ్మావు?"

"ఆ మాట అనకు, కళ్ళు పోతాయి. బుద్ధుణ్ణి అమ్మరు, అద్దెకిస్తారు."

"సరే, అద్దెకే. ఎంతకిచ్చావు?"

"ఊరికే ఇచ్చాను. సంతలో బిళ్ళలవాడి బల్ల మీద వాడు అటు తిరిగినప్పుడు నాలుగు పడేసి వచ్చాను."

"నమ్మమంటావా? అచ్చు ఎప్పుడు తీశావు, ఆయన నిద్రపోతుంటేనా? సొంత తమ్ముడి పేరు మీద బురద చల్లడానికి నీకు చేతులెలా వచ్చాయే?"

రువన్ కోపం తెచ్చుకోలేదు. చేతులు కడుక్కుని, అతని మెడలో గొలుసు పట్టుకుని ముందుకి లాగింది. దానికి వేలాడేది వరదల ఏటి బిళ్ళే, అమ్మ తన చేత్తో వేసింది. దాన్ని వెనక్కి తిప్పి పక్కన తన బొటనవేలు పెట్టింది. వేలికి అడ్డంగా తెల్లటి మచ్చ. చిన్నప్పుడు రబ్బరు చెట్టు గీస్తుంటే కత్తి జారి తెగిన చోటు.

సనిత్‌కి అప్పుడు వెలిగింది. ఊహ తెలిసినప్పట్నుంచీ ఆ మచ్చ చూస్తూనే ఉన్నాడు, ఆ చేత్తో పెట్టిన అన్నమే తిన్నాడు. బిళ్ళ వెనకాల గీతకి రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాడు. ఆ రెంటినీ కలిపి ఏనాడూ చూడలేదు.

"ఇయత్ గాడికి అప్పుడు చలిజ్వరం," అంది రువన్. లువాంగ్ ఫో చిన్నప్పటి పేరు అంత తేలిగ్గా అనేసరికి సనిత్ ఉలిక్కిపడి తలుపు వైపు చూశాడు. "జనానికి బిళ్ళలు ఇస్తానని మాటిచ్చేసి పడుకున్నాడు. అమ్మ మట్టి తెచ్చింది, నేను దంచాను, నేనే నొక్కాను. ఆరినవి వాడి పక్కన పెడితే మూలుగుతూ మంత్రం చదివాడు. తర్వాత ఆ బస్సు బోల్తాపడింది. ఇంకేం చెప్తాం?"

"మరి ఇప్పుడెందుకు మళ్ళీ?"

ఆవిడ తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది. "బ్యాంకాక్ వాళ్ళు అద్దాలు పెట్టి చూసి అసలుదే అంటారంట కదా. నా వేలిముద్ర చూసి ఆ మాట అంటారో లేదో తెలుసుకుందామనిపించింది. ఇన్నేళ్ళూ కుళ్ళి చస్తున్నానురా. వాడు అబద్ధం చెప్పలేదు, నిజమే, ఎవరూ అడగలేదు కాబట్టి. వాడికై వాడు నిజమూ చెప్పలేదు. నా మంటంతా అదే."

సనిత్ రేపటి సంగతి చెప్పాడు. ఆవిడ చేతిలో గిన్నె కింద పెట్టేసింది.

"వాడి వేలికి గీత లేదు," అంది. "నేనే దొంగనని చెప్పేస్తాను."

"నీ వేలు చూస్తే పాతవీ నీవేనని తేలిపోతుంది. ఆడదాని చేతివని తెలిశాక ఎవడైనా మెడలో ఉంచుకుంటాడా? నేను ఏదో ఒకటి చెప్పి ఆపుతాను. నువ్వు మాత్రం రేపు గుడికి రావద్దు."

"నువ్వు నోరు మూసుకుంటావని ఏమిటి నమ్మకం? చిన్నప్పుడు మామిడికాయలు దొంగిలించిన సంగతి అమ్మకి మోసింది నువ్వేగా."

పొద్దున్నే సనిత్ ప్రహరీ పక్కన నిలబడి అక్క ఇంటి తలుపు కనిపెట్టుకుని ఉన్నాడు. తలుపు తీయలేదు. కిటికీ రెక్క మాత్రం కాస్త తెరుచుకుని ఉంది, దాని వెనకనుంచి ఆవిడ తననే కనిపెట్టి చూస్తోందని తెలుస్తూనే ఉంది.

ఎండెక్కేసరికి గుడి చావడి నిండిపోయింది. లువాంగ్ ఫో అరుగు మీద కూర్చున్నాడు, ముందు పసుపు గుడ్డ పరిచి ఉంది. కోసిత్ తడిబట్ట విప్పి మట్టిముద్ద తీశాడు. అనుకున్నట్టే సనిత్ అడ్డుపడ్డాడు.

"ఆయనకి చేతులు వణుకుతాయండీ. ముద్ర సరిగా పడదు."

"పడినంతే పడనివ్వండి."

"ఈ వయసులో ఆయనకి పరీక్ష పెట్టడం ఏం మర్యాద?"

కోసిత్ అతన్ని ఎగాదిగా చూశాడు. "నిన్న తప్పకుండా అన్నారు. ఇవాళ్టికి ఏం మారింది సనిత్ గారూ?"

చావడి మొత్తం సనిత్ వైపు తిరిగింది. ఆ చూపు అతనికి తెలిసిందే, నిన్నటిదాకా తను అక్కని చూసింది ఆ చూపుతోనే. సరిగ్గా అప్పుడే రువన్ భోజనం పళ్ళెంతో మోకాళ్ళ మీద జరుగుతూ వచ్చింది. రావద్దన్నా వచ్చింది. దొంగనని చెప్పేయడానికే వచ్చిందని సనిత్‌కి అనిపించింది. తన నోటికి కాపలా కాయడానికి వచ్చిందని తర్వాత తెలిసింది.

ఆవిడ పళ్ళెం గుడ్డ మీద పెట్టింది. ఈసారి చప్పుడు రాలేదు.

"మట్టి ఇలా ఇవ్వండి," అన్నాడు లువాంగ్ ఫో.

కోసిత్ చేతికిచ్చాడు. ఆయన ముద్దని అరచేతిలో కాసేపు తిప్పాడు. నొక్కలేదు. పళ్ళెం పక్కకి జరిపి, ముద్దని గుడ్డ మీద పెట్టి, గుడ్డ అంచు పట్టుకుని రువన్ వైపు తోశాడు. ఆడవాళ్ళు పెట్టింది తీసుకోవడానికే తప్ప ఆ గుడ్డ ఏనాడూ అటు వెళ్ళలేదు.

"అక్కా," అన్నాడు. "నీ వేలు పెట్టు."

ఆ పిలుపు ఆయన నోట ఆ ఊరు ఎప్పుడూ వినలేదు. వెనక వరసల్లో ఎవరో ఏమన్నారు ఏమన్నారని అడుగుతున్నారు.

రువన్ బొటనవేలు గుప్పిట్లో దాచుకుంది. "తండ్రిగారికి నిన్నట్నుంచీ ఒంట్లో బాగా లేదు," అంది జనం వైపు తిరిగి. "ఏదో పలవరిస్తున్నారు. పట్టించుకోకండి."

ఏ మాట కోసం ఇన్నేళ్ళు కుళ్ళిందో ఆ మాట ఎదురొస్తే దాని మొహం మీదే తలుపు వేసేసింది. సనిత్‌కి సిగ్గేసింది. ఈ మనిషినా తను అనుమానించింది?

"మీరు చెప్పండి సనిత్ గారూ," అన్నాడు కోసిత్. "మీ అన్నగారు తెలివిలో ఉన్నారా, లేరా?"

లేరంటే చాలు. పేరు నిలుస్తుంది, ఆసుపత్రి లేస్తుంది. అక్క కోరేదీ అదే, కళ్ళతోనే బతిమాలుతోంది. సనిత్ అన్న వైపు చూశాడు. లువాంగ్ ఫో తల దించుకుని, తప్పు చేసి అమ్మ ముందు నిలబడ్డ పిల్లాడిలా గుడ్డ అంచు నలుపుతున్నాడు.

సనిత్ మెడలోంచి గొలుసు తీశాడు. బిళ్ళ వెనక్కి తిప్పి మట్టిముద్ద పక్కన పెట్టాడు.

"మా అన్న తెలివిలోనే ఉన్నాడు," అన్నాడు. "పెట్టక్కా."

రువన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఒరేయ్ ఇయత్," అంది అంతమందిలో. "నీకు అప్పుడూ బుద్ధి లేదు, ఇప్పుడూ లేదు. రేపు ఆసుపత్రి ఎవడు కడతాడ్రా?" అంటూనే బొటనవేలు మట్టిలో దిగేలా నొక్కింది.

కోసిత్ వంగి అద్దం కంటికి ఆనించాడు. చావడిలో చాలా చేతులు మెడల దగ్గరికి వెళ్ళాయి. బిళ్ళ తెంపి పారేయడానికో, గట్టిగా పట్టుకోవడానికో సనిత్‌కి అంతుపట్టలేదు. ఒక్కొక్కరి మొహమే అనుమానంగా చూస్తూ నిలబడ్డాడు. కోసిత్ పాత ముద్ర చూశాడు, కొత్త ముద్ర చూశాడు, మళ్ళీ పాతది చూశాడు. అలవాటైన మాట అలవాటుగా అనేశాడు.

"అసలుదే."

అన్నాక తను ఏమన్నాడో తనకే తట్టింది. అద్దం కంటి దగ్గర పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయాడు. రువన్ మోకాళ్ళ మీద ఇంకాస్త ముందుకి జరిగింది.

"నాకు ఈ చెవి సరిగ్గా వినపడదండీ," అంది. "ఇంకోసారి అనండి."