పిట్టలకు వదిలిన చేను

ఆఫీసరు వచ్చేసరికి కౌలు చేసే హన్నమ్మ పొలం దగ్గర ఉండకూడదని సాయికృష్ణ పొద్దున్నే ఫోన్ చేశాడు. అచ్చాయమ్మకు అప్పుడే అనుమానం వచ్చింది. మరిది కొడుక్కి తన పొలం మీద ఇంత శ్రద్ధ ఎందుకు?

అది కొల్లేరు అంచున ఉన్న పల్లపు చేను. కోత అయ్యాక రెండో పంట దాళ్వా వెయ్యకుండా, వరి మోళ్లలో నీళ్లు నిలిపి వలస పక్షులకు వదిలేస్తే ప్రభుత్వం డబ్బు ఇస్తుందట. కౌలుదారు ఉంటే ఆ పేరూ చెప్పాలి. సగం వాళ్లకి వెళుతుంది.

"పేరు చెప్పారా, పొలం పోయినట్టే దొడ్డమ్మా. ఉంగుటూరులో ఒకాయన ఇలాగే చెప్పి కోర్టు చుట్టూ తిరుగుతున్నాడు."

"ఎవర్రా ఆయన?"

"ఎవరో ఒకాయన లెండి."

అలాగని హన్నమ్మనూ నమ్మలేకపోయింది. ఏళ్ల తరబడి నోటిమాట మీద కౌలు చేస్తున్న మనిషి, దాళ్వా లేకపోతే పెదవేగి పామాయిల్ తోటల్లో పనికి పోతానంటోంది. బెదిరింపా? నిజమా? వెళ్లొస్తానన్న అచ్చాయమ్మ భర్త ఏలూరు ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. అప్పటినుంచి వెళ్తానని ఎవరన్నా ఆమెకు భయమే.

ఆటో దిగి గట్టెక్కేసరికి చేను నిండా బాతులు. బాతులు మేపుకునే వీర్రాజు కర్ర చంకన పెట్టుకుని దండం పెట్టాడు.

"చిన్నబాబుగారు తోలుకురమ్మన్నారండీ. చేను నిండుగా కనపడాలంట."

అవతలి గట్టు మీద ఆఫీసరు భాగ్యశ్రీ ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది. పక్కన సాయికృష్ణ. కొంచెం ఎడంగా హన్నమ్మ. వెళ్లలేదన్నమాట. అచ్చాయమ్మ గట్టు చుట్టి వాళ్ల దగ్గరికి వెళ్లింది.

"ఇవి పెంపుడు బాతులండీ," అంది భాగ్యశ్రీ.

"బాతులు మాత్రం పక్షులు కావా మేడం?" అన్నాడు సాయికృష్ణ.

"ఏ దేశం నుంచి వలసొచ్చాయో కూడా చెప్పండి బాబూ," అని హన్నమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

భాగ్యశ్రీ నవ్వలేదు. "పిట్టలకని వదిలిన గింజలు ఇవి ఊడ్చేస్తాయి. ఎవరు తోలారు?"

"ఇదిగో, ఈ హన్నమ్మే! కౌలుకిస్తే ఇలాగే చేస్తారు మేడం," అన్నాడు సాయికృష్ణ. అనేశాక నాలిక కరుచుకున్నాడు.

"అయితే కౌలుదారు ఉన్నారన్నమాట."

"అబ్బే, కూలి మనిషండీ."

"మీరు చెప్పండి మామ్మగారూ. పొలం మీదే కదా."

అచ్చాయమ్మ హన్నమ్మ వైపు చూసింది. అవునంటే పొలం పోతుందేమో. కాదంటే హన్నమ్మ పోతుంది. హన్నమ్మ నవ్వు మానేసి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోవడానికి సిద్ధంగా నిలబడింది.

"కౌలే. బాతుల్ని తోలించింది మావాడు."

"అయితే ఇంక మీ గుమ్మం తొక్కను దొడ్డమ్మా!" సాయికృష్ణ బండెక్కి వెళ్లిపోయాడు. దుమ్ము అణిగేదాకా అచ్చాయమ్మ అటే చూసింది.

బాతుల్ని బయటికి తోలించి భాగ్యశ్రీ హన్నమ్మ పేరు రాసుకుంది. వారం పోయాక మళ్లీ వచ్చి చూస్తానంది.

"పొలం నా పేరునే ఉంటుందిగా అమ్మా?" అచ్చాయమ్మ అడిగింది.

"ఉంటుందండీ."

నమ్మకం కుదరక మళ్లీ అడిగింది. అదే జవాబు వచ్చింది.

ఆఫీసరు వెళ్లాక హన్నమ్మ, అచ్చాయమ్మ దగ్గరికి వచ్చి ముఖంలోకి పరీక్షగా చూసింది.

"నా పేరు ఎందుకు చెప్పారండీ? నాతో ఏం పని పడింది మీకు?"

"పెదవేగి వెళ్లకే."

"అంతేనా?"

"అంతే."

హన్నమ్మకు నమ్మకం కుదరలేదు. "ముందు డబ్బు పడనివ్వండి, అప్పుడు చూద్దాం," అని చెప్పులు గట్టు మీద వదిలేసి, చేలో నీళ్లు పోకుండా గండి కట్టడానికి దిగింది.