నిలబెట్టిన ఆరు సీసాలు

బల్ల మీద సీసాలు లేవు.

తెర్సిల్లా నేలమాళిగ ఆఖరి మెట్టు మీదే ఆగిపోయింది. చేతిలో కొవ్వొత్తి, కాళ్ళకి పెళ్ళికోసం కొన్న కొత్త బూట్లు, తలనిండా జుట్టు చుట్టిన గొట్టాలు. బుధవారం పొద్దున ఆరు వైన్ సీసాల్ని తన చేత్తో కడిగి, తుడిచి, ఆ బల్ల మీద వరసగా నిలబెట్టింది. ఇవాళ శనివారం. పదకొండింటికి చర్చిలో కూతురి పెళ్ళి, ఆ తరవాత ఇక్కడే, పైన పెద్దగదిలో విందు. ఆ విందుకి వెళ్ళాల్సిన సీసాలు అవే.

దొంగలు పడ్డారా? పడితే మూలనున్న కొత్త పంపుని వదిలిపెడతారా? గోడకి వేలాడుతున్న సలామీ మాంసాన్ని వదిలిపెడతారా? ఆరంటే ఆరు సీసాలే, అవీ పేరూ ఊరూ లేనివి, ఎత్తుకుపోయాడంటే వాడు మామూలు దొంగ కాదు. వాటి సంగతి తెలిసినవాడు.

"ఓర్సొలా!" అని అరిచింది.

కూతురు సగం అలంకరణతో మెట్లమీంచి తొంగిచూసింది. "ఏంటమ్మా? నాన్నకి ఎడమకాలి బూటు కనబడలేదుట. అదేనా?"

"నాన్న బూటు నది పాలుగానీ! నిన్న ఇక్కడికి ఎవరొచ్చారు?"

"ఎవరొస్తారు? సాయంత్రం మావయ్య వచ్చాడు, గ్లాసుల పెట్టెలు దింపడానికి."

"ఏ మావయ్య?"

"ఇంకే మావయ్య? ఇవాళ్టినించీ నాకు మావయ్య అవుతున్నాడే, ఆయనే."

గౌదెన్సియో! తెర్సిల్లా నెత్తురు సలసల కాగింది.

ఇటలీలోని ఈ బరోలో ద్రాక్షకొండల్లో ఆడపిల్ల పుట్టిన ఏటి వైన్‌ని పెళ్ళిదాకా దాచడం అందరూ చేసేదే. కానీ ఓర్సొలా పుట్టిన ఏటి వైన్ కథ వేరు. ఆ ఏడు సరిగ్గా కోతలముందు భర్త రెమో నిచ్చెనమీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. నిండు చూలాలైన తెర్సిల్లాయే నడుం పట్టుకుని ద్రాక్షపళ్ళు కోయించింది. అదే ఆమె మొదటి వైన్. అప్పట్లో కొండ కొండంతా కొత్తదారి పట్టింది. తొక్కల్ని రసంలో నాలుగురోజులు నానబెట్టు, చిన్న కొత్త పీపాల్లో పొయ్యి, తొందరగా అమ్మెయ్యి. ఆ దారికి ముందు నడిచిన మొనగాడు పక్కకొండ గౌదెన్సియో. తెర్సిల్లా మాత్రం అత్తగారు నేర్పిన పాత పద్ధతిలో నెల దాటేదాకా నానబెట్టి, తాతలనాటి పెద్దపీపాలో ఏళ్ళ తరబడి వదిలేసింది.

అది మొదటిసారి ఊరి సావిట్లో నలుగురి ముందుకీ వచ్చిన రోజున గౌదెన్సియో ఒక గుక్క పుక్కిలించాడు. ఉమ్మేశాడు. తరవాత అందరికీ వినబడేలా అన్నాడు.

"దీన్ని గ్లాసులో పోశావేమిటి తెర్సిల్లా? ఇది గోడకి కొట్టాల్సిన మేకు. నీ మనవలకి మనవలు పుట్టినా ఇది మెత్తబడదు."

సావిడంతా నవ్వింది. కొనడానికొచ్చినవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. ఆ వైన్ చాలామటుకు ఊరూపేరూ లేకుండా చవకరకాల్లో కలిసిపోయింది. దాచుకున్న సీసాల్ని తెర్సిల్లా ఆ తరవాత ముట్టుకోలేదు. కూతురొచ్చి లియాండ్రోని పెళ్ళి చేసుకుంటానన్నప్పుడు మాత్రం, "ప్రేమించడానికి ఆ మేకుగాడి కొడుకే దొరికాడుటే!" అని నెత్తి కొట్టుకుంది. మర్నాడే నేలమాళిగలోకి దిగి సీసాలు చూసుకుంది. ఆ నోటిచేతే, ఆ నలుగురి ముందే, దీన్ని తాగించాలి. పిల్ల పెళ్ళికి ఆమె మొక్కుకున్న మొక్కు అదొక్కటే.

ఇప్పుడు సీసాలు లేవు.

వాకిట్లో బండి ఆగిన చప్పుడుకి తెర్సిల్లా గబగబా పైకొచ్చింది. చెయ్యి అడ్డం పెడితే కనబడనంత పొగమంచులోంచి గౌదెన్సియో గొంతు ముందొచ్చింది, మనిషి తరవాత వచ్చాడు. కొత్త సూటు, సగం కట్టిన టై, రెండుచేతుల్లో హేజల్‌నట్ కేకుల పళ్ళెం.

"వియ్యపురాలా! కేకులెక్కడ పెట్టమంటావు?"

"నా సీసాలెక్కడ పెట్టావు?"

"ఏ సీసాలు?"

"ఏమీ తెలీనట్టు మాట్లాడకు. బల్లమీద నిలబెట్టిన ఆరు సీసాలు!"

గౌదెన్సియో మొహం ఒక్కసారి వెలిగింది. "ఓ, అవా! అవి నేను పడుకోబెట్టానుగా."

"ఏం చేశావూ?"

"పడుకోబెట్టాను. కడిగిన సీసాలన్నీ గూట్లో చక్కగా పడుకుని ఉన్నాయి. ఈ ఆరూ మాత్రం బల్లమీద దిక్కులేకుండా నిలబడి ఉన్నాయి. పెళ్ళి హడావిడిలో ఎవరో మరిచిపోయారనుకుని వాటి పక్కనే సర్దేశాను. సీసా నిలబడితే బిరడా ఎండిపోదూ? ఈ కొండమీద ఏ గాడిదకైనా తెలుసు."

"తెరిచేముందు మడ్డి అడుక్కి దిగడానికి మూడురోజులు నిలబెడతారని కూడా ఈ కొండమీద ఏ గాడిదకైనా తెలుసు!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గౌదెన్సియో చేతిలో పళ్ళెం మెల్లగా కిందికి దిగింది.

"తెరవడానికా? ఏ ఏడువి?"

వెనకాల మెట్లమీంచి ఓర్సొలా చెప్పింది. "నేను పుట్టిన ఏడువి, మావయ్యా."

"చచ్చాం," అన్నాడు గౌదెన్సియో. "ఆ మేకు."

ముగ్గురూ కిందికి దిగి గూటిముందు నిలబడ్డారు. వచ్చేవారం లేబుళ్ళు అంటించి పంపాల్సిన సీసాలు ఎనభై దాకా ఉన్నాయందులో. ఎనిమిదేళ్ళనాటివి. ఈ తేమలో ముందే లేబుల్ అంటిస్తే బూజు తినేస్తుంది కాబట్టి ఎవరూ అంటించరు. అన్నీ ఒకే రకం నల్లటి సీసాలు, ఒకే ఎర్ర లక్కలో ముంచిన మూతులు. కడగడంతో దుమ్ము గుర్తు కూడా లేదు. ఎనభైమంది కవలల్లో ఆరుగురు దొంగలు.

"ఎక్కడ దూర్చావో గుర్తుచేసుకో."

"ఖాళీ ఉన్నచోటల్లా దూర్చాను. ఇక్కడొకటి, అక్కడొకటి. లాగి చూద్దాం," అంటూ గౌదెన్సియో చెయ్యి చాపాడు.

"తియ్యకు!" తెర్సిల్లా అతని మణికట్టు పట్టుకుంది. "రాత్రంతా పడుకున్నాయి. మడ్డి మళ్ళీ ఒకపక్కకి చేరి ఉంటుంది. కదిపావా, మధ్యాహ్నానికి బురదనీళ్ళు తాగుతావు."

"ముట్టుకోకుండా ఎలా పట్టుకుంటాం? వాసన చూస్తే సీసా పేరు చెబుతుందా?"

తెర్సిల్లా కొవ్వొత్తిని ఒక సీసా భుజం దగ్గర పెట్టింది. నల్లటి గాజులోంచి వెలుగు దూరింది. పడుకున్న సీసా పైభాగాన గాలిబుడగ ఒకటి మెరిసింది, చిక్కుడుగింజంత.

"ఎనిమిదేళ్ళు," అంది. "ఇరవై ఎనిమిదేళ్ళు పడుకున్నదాన్ని బిరడా ఇంకాస్త తాగేసి ఉండదూ?"

గౌదెన్సియో ఈల వేశాడు. "బుడగ పెద్దదై ఉండాలి. ఓర్సొలా, ఇంకో కొవ్వొత్తి తే తల్లీ!"

పెళ్ళిబట్టల్లో ఇద్దరూ తడినేలమీద మోకాళ్ళేశారు. తెర్సిల్లా ఎడమనించి, గౌదెన్సియో కుడినించి. చిక్కుడుగింజ, చిక్కుడుగింజ, చిక్కుడుగింజ...

"దొరికింది! బొటనవేలంత బుడగ!" గౌదెన్సియో కేకపెట్టాడు.

"నాకు రెండు దొరికాయి. నువ్వు మాట్లాడ్డం మానేస్తే ఇంకా తొందరగా దొరుకుతాయి."

"చిన్నప్పుడు బడిలోనూ ఇంతే నువ్వు."

చర్చి మొదటి గంట మోగేసరికి లెక్క తేలింది. లెక్క తేలడమే చిక్కైపోయింది. పెద్దబుడగల సీసాలు ఏడున్నాయి.

"ఆరే పెట్టాను. ఒట్టు," అన్నాడు గౌదెన్సియో.

"ఒకదానికి బిరడా సరిగ్గా లేక కారి ఉంటుంది. ఏదో చెప్పగలవా?"

"చెప్పలేను. నువ్వు?"

తెర్సిల్లా కూడా చెప్పలేకపోయింది. ఏడింటినీ పొత్తిళ్ళలో పసిబిడ్డల్లా, ఒక్కటీ పొర్లకుండా, బుట్టల్లో పడుకోబెట్టి పైకి మోశారు. గౌదెన్సియో మోకాళ్ళమీద రెండు మట్టిచందమామలు పడ్డాయి. ఫొటోలన్నిటిలోనూ అవే కనబడతాయని ఓర్సొలా ఏడవాలో నవ్వాలో తేల్చుకోలేక నవ్వింది. రెమోకి రెండో బూటు పొయ్యిగదిలో దొరికింది. పెళ్ళి అయిపోయింది.

విందులో పచ్చిమాంసం తరుగు వచ్చింది, మాంసం కూరిన చిన్న ప్లిన్ పిండిముద్దలు వచ్చాయి, అవి తిన్నంతసేపూ గౌదెన్సియో తెచ్చిన వైన్ తాగారు. తరవాత పెద్దపళ్ళేల్లో ఉడికిన దూడమాంసం వచ్చింది. ఆ రోజు సావిట్లో నవ్వినవాళ్ళలో సగంమంది ఈ బల్లచుట్టూ ఉన్నారు. అందరికీ తెలుసు, ఇప్పుడేం రావాలో.

తెర్సిల్లా మొదటి సీసాని బుట్టలోంచి లేపకుండానే లక్క చెక్కి, బిరడా లాగింది. కొవ్వొత్తి వెలుగులో, చెయ్యి ఆపకుండా, గాజుకూజాలోకి ఒకే ధారగా వంచింది. పెళ్ళికొడుకు తండ్రికి మొదటి గ్లాసు. మర్యాద ప్రకారం ముందు తను రుచిచూడాలి. ఇంతమంది కళ్ళు తనమీదుంటే ఆ సంగతే మరిచిపోయింది.

గౌదెన్సియో గ్లాసెత్తాడు. కిటికీ వెలుగు గ్లాసులోంచి దూరిన ఆ క్షణంలో తెర్సిల్లా చూసింది. దానిమ్మగింజ ఎరుపు! ఇరవై ఎనిమిదేళ్ళు దాచిన నెబ్బియోలో ద్రాక్ష వైన్‌కి ఆ రంగు ఉండదు.

ఆపేలోపు అతను గుటక వేశాడు. మొహం ముడుచుకుంది. బల్ల చివర కూర్చున్న బాబాయి ఒకడు కిసుక్కున నవ్వాడు. "మేకేనా గౌదెన్సియో?"

ఇతను ఇప్పుడు ఒక్క మాటంటే చాలు. కొండ బతికున్నంతకాలం అదే మాట మిగిలిపోతుంది.

గౌదెన్సియో గ్లాసు వాసన చూశాడు. తెర్సిల్లా వైపు చూశాడు. "నోరు ముయ్యి బాబాయ్," అన్నాడు. "ఇది ఆ సీసా కాదు. ఏడోది. తప్పు నాది, పొద్దున నేనే కలగలిపాను. వియ్యపురాలా, ఇంకోటి తెరువు."

తెర్సిల్లా రెండో సీసా తెరిచింది. ధార కూజాలోకి జారుతుంటేనే తెలిసింది. పాత ఇటుకరంగు, అంచుల్లో కమలాపండు ఛాయ. ఈసారి ముందు తనే ఒక గుక్క తాగింది. ఎండిన గులాబీ. కాలిన తారు. వానకి తడిసిన ఆకులు. ఆ తరవాత ఆ పాత బిగువు, కోపం లేని బిగువు, నాలుకమీద నిలబడి ఎంతకీ వెళ్ళనంది. కాలు విరిగిన మొగుడూ, కడుపులో తన్నే పిల్లా, పీపాలముందు ఒంటరిగా తనూ గుర్తొచ్చారు. ఇంకో గ్లాసు నింపి గౌదెన్సియో ముందు పెట్టింది.

అతను తాగాడు. ఉమ్మలేదు. చాలాసేపు మింగనూ లేదు.

"ఏమంటావు మావయ్యా?" అంది ఓర్సొలా.

"మేకే," అన్నాడు గౌదెన్సియో. "అప్పుడూ మేకే. కాకపోతే..." అని లేచి, కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. "గ్లాసు నింపు. మీ వాళ్ళు దాచిపెట్టుకుని నాకు బొట్టు మిగల్చరు."

గది గొల్లుమంది. రెండు, మూడు, నాలుగు... సీసాలు ఖాళీ అయ్యాయి. కిసుక్కున నవ్విన బాబాయి అడుగున మిగిలిన మడ్డి కూడా రొట్టెముక్కతో అద్దుకున్నాడు. ఆఖరి సీసాకోసం తెర్సిల్లా లక్కచెక్కే కత్తి తీసేసరికి గౌదెన్సియో బుట్టమీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"దీన్ని తియ్యకు."

"ఏం? నచ్చలేదా?"

"దాచిన కొద్దీ ఇది ఇంకా రుచెక్కుతుంది తెర్సిల్లా. ఇప్పుడే తాగెయ్యడం పాపం." ఆ మాట అతను నలుగురిముందే అన్నాడు, ఆ రోజు సావిట్లో అన్నంత గట్టిగా.

తెర్సిల్లా కత్తి పక్కన పెట్టింది. మొక్కు తీరింది.

అతిథులు కేకుల మీద పడ్డాక ఇద్దరూ నేలమాళిగలోకి దిగారు. గౌదెన్సియో ఆ ఒక్క సీసానీ రెండుచేతుల్లో పట్టుకుని పాతగూటిముందు ఆగాడు.

"ముందే చెప్పు వియ్యపురాలా. దీన్ని నిలబెట్టాలా, పడుకోబెట్టాలా?"

"పడుకోబెట్టు," అంది తెర్సిల్లా. "ఈసారి ఎక్కడ పెట్టావో మాత్రం గుర్తుపెట్టుకో."