టిఫ్

దావీదు పోయాడన్న కబురు వచ్చిన నాడు అన్నమ్మ ఏడవలేదు. వాడకట్టు ఆడవాళ్ళంతా వచ్చి శోకాలు పెట్టారు. ఆమె మాత్రం గోడకు ఆనుకొని కూర్చుంది. ఎవరో ఇచ్చిన నీళ్ళ చెంబు చేతిలో పట్టుకుంది, తాగనూ లేదు, కింద పెట్టనూ లేదు. మొగుడు పోతే కంట తడి పెట్టని ఆడది రాయి గాక ఏమిటని ఊరనుకుంది. అనుకోవడానికి ఊరికేం పోయింది!

ఆమె బుర్రలో మెదులుతున్నది ఒకటే. వదిలేస్తామన్న మనిషిని ఎందుకు వదల్లేదు?

అసలు జరిగింది చెప్పుకుంటే సిగ్గుచేటు. ఓ సాయంత్రం పచ్చిపులుసులో ఉప్పు ఎక్కువైంది.

"ఉప్పు సంచి గుమ్మరించినవా ఏందే?" అన్నాడు దావీదు.

"అంత రుచి కావాల్నంటే మీ అమ్మ కాడికి పోయి తిను" అంది అన్నమ్మ.

"మా అమ్మ ముచ్చట ఎత్తకు, చెప్తున్న."

కంచం పక్కకు నెట్టాడు. ఆమె ఊరుకుందా, ఆ కంచం తీసుకెళ్ళి కుక్కకు పెట్టింది. అతను గొంగడి భుజాన వేసుకొని జొన్న చేలో మంచె మీద పండుకుంటానని పోయాడు. ఇంతే. మామూలు రోజులైతే తెల్లారి వచ్చి, ఆమె మొహం చూడకుండానే జొన్న గటక పెట్టమనేవాడు. ఆమె కూడా మొహం చూడకుండానే పెట్టేది.

కానీ అది నైజాం పోయి మిలిట్రీ వచ్చిన మరుసటేడు. పొద్దుగూకితే ఊరు దాటొద్దని దండోరా వేశారు. గుట్టల్లో దాగిన కమ్యూనిస్టులకు ఎవరైనా బువ్వ మోశారని తెలిస్తే వాళ్ళ పని ఖతం. మంచె మీద నిద్రపోతున్న దావీదును సిపాయిలు లేపి సూర్యాపేట తీసుకుపోయారు.

నాలుగు రోజులు పోయాక అన్నమ్మను పిలిపించారు. అక్కడున్న మిలిట్రీ దొర మద్రాసు వైపు మనిషి. తెలుగు రాదు, ఉర్దూ రాదు, ఇంగ్లీషే. మాట అటూ ఇటూ చేర్చడానికి మిషను బడి పంతులు అబ్రహామును పట్టుకొచ్చారు. అబ్రహాముకు ఇంగ్లీషు వచ్చు. అయితే అది బైబిలు చదివి నేర్చుకున్న ఇంగ్లీషు. బైబిల్లో కొట్లాటలకు కొదవ లేదు గానీ, ఆ పూట దొర నోటి నుంచి వచ్చిన మాట మాత్రం ఆయన అందులో ఎక్కడా చూడలేదు.

దొర అన్నమ్మను చూస్తూ ఏదో అడిగాడు. చివర్న "టిఫ్" అన్నాడు.

"టిఫిన్, సార్?" అన్నాడు అబ్రహాం చేతులు కట్టుకొని.

"టిఫ్! టిఫ్!" అని దొర విసుక్కుని బల్ల మీద వేలితో కొట్టాడు.

మళ్ళీ అడిగే ధైర్యం అబ్రహాముకు లేదు. మిలిట్రీవాళ్ళు ఏ మాటనైనా కురచ చేస్తారు కదా అనుకున్నాడేమో, అన్నమ్మ వైపు తిరిగాడు.

"అన్నమ్మా, ఆ పొద్దు టిఫిన్ ఏమన్న అయిందా అని అడుగుతున్నరు. అంటే తిండి. తిండి గిట్ల నడిచిందా అంట."

అన్నమ్మకు అర్థమైంది. బువ్వ మోసిన కేసు పెడుతున్నారన్నమాట!

"లేదు దొరా! టిఫిన్ లేదు, గిఫిన్ లేదు. ఎవ్వరికి పెట్టలే, ఎవ్వరికి మొయ్యలే. యేసుప్రభువు మీద ఒట్టు. ఆ పొద్దు నా మొగనికే పెట్టలే!"

అబ్రహాం అంత పొడుగు మాటను ఇంగ్లీషులోకి ఎక్కించలేక ఒక్క ముక్కలో తేల్చాడు. "నో టిఫ్, సార్."

దొర ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. నిజమేనా అన్నట్టు తల ఎగరేశాడు. ఆమె గట్టిగా తల ఊపింది. మొగుణ్ణి కాపాడుకున్నానన్న సంతోషంతో ఇంటికి నడిచింది. ఆ పూట పచ్చిపులుసులో ఉప్పు తగ్గించి వేసి, వాకిలి చూస్తూ కూర్చుంది.

దావీదును మిర్యాలగూడకు మార్చారని తెలిసింది. అక్కడ ఒక గోదాములో నిండా మనుషుల్ని కుక్కారట. వాంతులు, భేదులు పట్టుకొని వారం తిరక్కుండానే పోయాడు. ఆ కబురు తెచ్చింది అతనితో పాటు ఉండి విడుదలైన వెంకటయ్యే.

"పెండ్లాంతోని లొల్లి అయి అలిగి వచ్చిన సాబ్ అని హవల్దారుకు చెప్పుకున్నడు అక్కా. పెండ్లాం గూడ అదే మాటంటె వదిలేస్తనన్నడంట దొర."

"నన్ను లొల్లి సంగతి ఎవ్వలు అడగనే లేదు తమ్మీ" అంది అన్నమ్మ. దొర అబద్ధమాడాడని అనుకుంది. ఆ తర్వాత ఇక ఏమీ అనుకోలేదు. లేచేది, పని చేసేది, పడుకునేది. ఉప్పు వేసినా వేయకపోయినా నాలుకకు ఒకటే.

అబ్రహామే జాలిపడి ఆమెను కోదాడలో మిస్సమ్మ బంగళాలో పనికి పెట్టించాడు. మిస్సమ్మ విలాయతు మనిషి. పుస్తకాల తెలుగు మాట్లాడుతుంది. అన్నమ్మ మొగుడు రోగంతో పోయాడని తప్ప ఆమెకేమీ తెలియదు.

ఒకనాడు బడికి సుద్దముక్కలు తీసుకుపోదామని అబ్రహాం వచ్చి వరండాలో నిలబడ్డాడు. లోపల వంట మత్తయ్యకూ అతని భార్య యాదమ్మకూ మాడిన అన్నం దగ్గర మాటా మాటా పెరిగింది. గరిటె గోడకు తగిలి కింద పడింది. అన్నమ్మ నేల తుడుస్తూ తల ఎత్తింది.

మిస్సమ్మ నవ్వింది. "భయపడకుము. ఓన్లీ ఎ టిఫ్."

అన్నమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"టిఫ్ అంటె తినేది కాదా అమ్మా?"

"కాదు, కాదు! అది టిఫిన్. టిఫ్ అనగా చిన్న కలహము. భార్యాభర్తలకు కలుగును, మరునాటికి పోవును. నీకును నీ పెనిమిటికిని టిఫ్ కాలేదా?"

అన్నమ్మ గుడ్డ వదిలేసి లేచి నిలబడింది. మాట మొదలయ్యాక ఆగలేదు.

"అయిందమ్మా. ఉప్పెక్కువైందని అయింది. కంచం కుక్కకు పెట్టిన. అలిగి మంచె మీదికి పోయిండు. అయిందమ్మా, నిజంగ అయింది."

ఆ వేగానికి మిస్సమ్మకు ఒక్క ముక్కా అందలేదు. వరండా వైపు తిరిగి, "అబ్రహాం, ఈమె ఏమని చెప్పుచున్నది?" అంది.

అబ్రహాం గుమ్మం పట్టుకొని నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. అన్నమ్మ ఆయన వైపు చూసింది. కోపం రాలేదు, రావడానికి లోపల ఏమీ మిగల్లేదు.

"చెప్పు పంతులూ" అంది. "అయిందని చెప్పు. గీ సారన్న సరిగ్గ చెప్పు."

అబ్రహాం గుమ్మం వదిలి చేతులు కట్టుకున్నాడు.

"దేర్ వాజ్ ఎ టిఫ్, మేడం."

"చూచితివా!" అని మిస్సమ్మ ముచ్చటపడింది. "ప్రతి ఇంటను ఉండును."

అన్నమ్మ మళ్ళీ గుడ్డ తడిపి నేల తుడవసాగింది. వంటింట్లో మత్తయ్యా యాదమ్మా అప్పుడే మళ్ళీ మామూలుగా మాట్లాడుకుంటున్నారు.