పసుపు గదిలో పట్టే లెన్సు

కెమెరా ఉంది. లెన్సు లేదు.

మా మనుమరాలు ప్రిస్కిల్లా ఆ కెమెరాను నిజామాబాదులో ఎవరి దగ్గరో పాతది కొన్నది. అమ్మినాయన లెన్సును వేరేవాళ్లకు అమ్ముకున్నాడట. ముందర గుండ్రటి బొక్క, దాని మీద నల్ల మూత. అంతే. నా భార్య యేసమ్మ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"కన్ను లేని బొమ్మను కొనుక్కొచ్చినవేందే," అన్నది.

"కన్నే కొనాలె అవ్వా. గదే పరేషాన్," అన్నది ప్రిస్కిల్లా.

ప్రిస్కిల్లా మూడేండ్లు నిజామాబాదులో ఒక స్టూడియోలో పనిచేసింది. వాళ్లు తీసుకొచ్చిన పెండ్లి వీడియోలను కంప్యూటరులో కత్తిరించి అతికించే పని. తీయడానికి మాత్రం ఎన్నడూ పంపలేదు. ఆడపిల్లవు, మోయలేవు అన్నారు. ఈ ఏడు ఆ పని మానేసి బోధన్ వచ్చేసింది. ఇక తానే తీస్తానన్నది.

తీస్తానంటే పని ఎవరిస్తారు? మా వాడలో జీవరాజు ఇచ్చాడు. ఆయన మా చర్చిలో పెద్దమనిషి, చెరుకు ట్రాక్టర్లు నడిపిస్తాడు. బిడ్డ పెండ్లి పెట్టుకున్నాడు. ఇచ్చాడు గాని ఒక మెలిక పెట్టాడు.

"పెండ్లి ముందటి రోజు పసుపు నువ్వు తియ్యి బిడ్డా. పొద్దుమూకంగ నాకు టీవీల సూపెట్టు. మంచిగుంటె పెండ్లి గూడ నీదే. లేకుంటె నిజామాబాదోల్లకు ఫోన్ కొడ్త. మల్ల ఏమనుకోవద్దు."

ప్రిస్కిల్లా సరేనన్నది. పసుపు బాగా వస్తే పెండ్లి దక్కుతుంది. పెండ్లి బాగా వస్తే చర్చిలో మిగతా ఇండ్లవాళ్లు పిలుస్తారు. రాకపోతే మళ్లీ ఆ స్టూడియో కుర్చీయే. ఆ కుర్చీ పేరెత్తితేనే ఆ పిల్ల అన్నం సగంలో లేస్తుంది.

మాది మెథడిస్టు సంఘమైనా పసుపు మానలేదు. లోపలి గదిలో ఆడవాళ్లు పెండ్లిపిల్లకు పసుపు, నూనె రాస్తారు. పాటలు పాడతారు. మగవాళ్లు ఆ గడప దాటరు. కెమెరా పట్టుకొని వచ్చిన మగవాళ్లను కూడా వాకిట్లోనే ఆపుతారు. తలుపు సందులోంచి ఎంత దొరికితే అంతే.

లెన్సు కొనడానికి నన్ను వెంట రమ్మన్నది. నేను మాట్లాడే మనిషిని కాను. అందుకే రమ్మన్నదేమో.

బస్సులో పోతుంటే నాకు ఒకటే ఆలోచన. లెన్సు పెద్దది కావాలి. నేను చెరుకు బండ్లు తోలినవాణ్ని. చెరుకు లేని నెలల్లో బారాతులకు గ్యాసు లైట్లు మోసేవాణ్ని. నెత్తి మీద గుడ్డ మడత, దాని మీద బుస్సుమనే లైటు. ఎవరి బారాతులో ఎక్కువ లైట్లుంటే వాళ్లకు అంత పేరు. చిన్న లైటు తెచ్చినవాణ్ని పెండ్లివాళ్లు చివరికి నెట్టేవాళ్లు. కెమెరాలయినా అంతే కదా అనుకున్నాను. మనిషి పొట్టిదైనా లెన్సు పొడుగ్గా ఉంటే జరగమని ఎవరూ అనరు.

దుకాణం సాయికుమార్ అనే ఆయనది. బస్టాండు వెనక గల్లీలో ఉంది. ప్రిస్కిల్లా స్టూడియోలో ఉన్నప్పటి నుంచి ఎరుక. అద్దాల బల్ల మీద గుడ్డ పరిచి లెన్సులు వరుసగా పెట్టాడు. అందులో ఒకటి నా మోచేతి పొడుగుంది.

"గిది తీస్కో," అన్నాను.

"తాతకు ఎరుకే," అన్నాడు సాయికుమార్. "గిది పెడ్తె గల్లీ కొసకున్నోని మీసాలు లెక్కవెట్టొచ్చు చెల్లె."

"పసుపు గదిల మీసాలుండయన్నా," అన్నది ప్రిస్కిల్లా.

అయినా చేతిలోకి తీసుకొని కెమెరాకు తగిలించింది. నేను దాన్ని గడప దగ్గరికి తెచ్చి వీధి చూపెడుతుందేమో అనుకున్నాను. ఆమె వీధి దిక్కే చూడలేదు.

"అన్నా, షట్టరు సగం దించు. లైట్లు బంద్ చెయ్యి."

"దొంగలు వడ్డరనుకుంటరు చెల్లె."

"జరసేపే."

దుకాణం వెనక డబ్బాలు పెట్టుకునే చిన్న గది ఉంది. అందులో ఒక స్టూలు వేసి నన్ను కూర్చోబెట్టింది. కెమెరా నా మీదికి పట్టింది. వెనక్కి జరిగింది. ఇంకా జరిగింది. వీపుకు గోడ తగిలింది.

"సూడు తాత," అని తెర చూపెట్టింది.

తెర మీద నా ముక్కు ఉంది. సగం మీసం ఉంది. అది కూడా మసక మసకగా, బియ్యం నూక చల్లినట్టు గింజలు గింజలుగా ఉంది.

"గదిల గిట్లనే వస్తది. నాకు ఎనుకకు పోయె జాగ ఉండది. పెద్ద లైటు వెడ్దామంటె ఆడోల్లు పాట ఆపి కొంగులు సదురుకుంటరు."

సాయికుమార్ ఇంకొకటి ఇచ్చాడు. చిన్నది, అగ్గిపెట్టెంత. దానితో నా మొఖం పట్టపగలులా కనబడింది. నాకే ఆశ్చర్యం. కానీ అది తిరగదట. దగ్గరికి కావాలంటే మనమే దగ్గరికి నడవాలి, దూరం కావాలంటే మనమే జరగాలి.

"గదికి గిది, చర్చికి పెద్దది. రెండు తీస్కో. మార్చుకుంట తియ్యి," అన్నాడు సాయికుమార్.

ఉన్న పైసల్లో రెండు రావు. అది ముగ్గురికీ తెలుసు. కానీ ప్రిస్కిల్లా పైసల మాట ఎత్తలేదు.

"పసుపు కాడ లెన్సు మార్చొద్దన్నా. ఏర్గట్లల ఏమైందో ఎరుకే గద," అన్నది.

నాకు ఎరుక లేదు. చెప్పింది. ఏర్గట్ల దిక్కు ఒక ఇంట్లో పెండ్లి. వాకిట్లో పసుపు కొమ్ములు మెరుగు పెట్టే డ్రమ్ము తిరుగుతోంది. స్టూడియో పిల్లగాడు ఆ వాకిట్లోనే నిలబడి లెన్సు ఊడదీసి వేరేది పెట్టాడు. ఆ కాసేపట్లో పసుపు పొడి లోపల పడింది.

"లోపల వడ్డంక గది పసుపు లెక్క గూడ కనవడది తాత. నల్ల చుక్క లెక్క కనవడ్తది. పెండ్లిపిల్లది తెల్ల చీర. వాక్యం సదువుతుంటె చుక్క, ఉంగరం పెడ్తుంటె చుక్క. పెండ్లంత చుక్కనే. గదంత నేనే కూసోని తుడిసిన కంప్యూటర్ల."

"మరి పెండ్లోల్లేమన్నరు?" అన్నాడు సాయికుమార్.

"నేను తుడువకముందు సూసి చీర ఉతికినోన్ని తిట్టిండ్రు."

ఆయన నవ్వి, కింది అర లోంచి ఒక లెన్సు తీశాడు. ఎవరో వాడి ఇచ్చింది. పక్కలకు గీతలున్నాయి. గుప్పిట్లో పట్టేంత ఉంది. "అద్దం సాఫున్నది, సూస్కో," అన్నాడు.

ప్రిస్కిల్లా టార్చి పెట్టి రెండు దిక్కులా చూసింది. తగిలించి మళ్లీ గోడకు ఆనుకొని నిలబడింది. ఈసారి తెరలో గది మొత్తం పట్టింది, నేను, స్టూలు, డబ్బాలు. చేత్తో కొంచెం తిప్పింది. నా మొఖం దగ్గరికి వచ్చింది. వెలుగు మాత్రం తగ్గలేదు.

సాయికుమార్ లెన్సు అంచు మీద ఉన్న అంకె నాకు చూపెట్టాడు. "గీ అంకె ఎంత సిన్నగుంటె కన్ను అంత పెద్దగ తెరుస్తది తాతా. గా పొడుగుదాన్ని లాగినకొద్ది అంకె పెరుగుతది, కన్ను మూసుకుంటది. దీన్ని ఎంత తిప్పినా గదే అంకె. అటు గదికైతది, ఇటు చర్చికైతది. గల్లీ కొసకున్న మీసాలు మాత్రం రావు."

"ఏమన్న మాట్లాడు తాత. మాట్లాడంగ ఎట్లొస్తదో సూస్త," అన్నది ప్రిస్కిల్లా.

నేను ఆలోచించాను. ఏమీ తోచలేదు.

"మా తాతతోని మాట్లాడించే లెన్సున్నదా అన్నా?" అన్నది.

"గది ఇంక రాలేదు చెల్లె. వస్తె మొదలు మా నాయినకు వెడ్త," అన్నాడు ఆయన.

ఆ గీతల లెన్సే కొన్నాము. బోధన్ బస్సెక్కాక నేను కిటికీ దిక్కు చూస్తూ కూర్చున్నాను. కొంత దూరం పోయాక అన్నాను.

"పెండ్లోల్లు నవ్వుతరు."

ఆమె లెన్సును చున్నీలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. "తాత, నువ్వు గ్యాసు లైట్లు మోసినప్పుడు నీ మొఖం ఎవలన్న సూసిండ్రా?"

"లేదు."

"నన్ను గూడ గట్ల సూడొద్దు. అప్పుడే నేను వాల్లను సూస్త."

నాకు ఆ మాట నచ్చిందో లేదో అప్పుడు తెలియలేదు.

పసుపు రోజు పొద్దున జీవరాజు వాకిట్లో చాపలు వేశారు. మగవాళ్లందరం అక్కడే. ప్రిస్కిల్లా కెమెరా తీసి మెడకు వేసుకుంటే జీవరాజు వంగి చూశాడు.

"గిదేందే, సున్నం డబ్బీ లెక్కున్నది. మా బామ్మర్ది పెండ్లికి ఫిరంగి లెక్కటిది తెచ్చిండ్రు. ఇద్దరు పట్టుకున్నరు."

పక్కవాళ్లు నవ్వారు. నేను చెప్పిందే జరిగింది. ప్రిస్కిల్లా కూడా నవ్వి, చెప్పులు విడిచి లోపలికి పోయింది. తలుపు మూశారు.

లోపల పాట మొదలయింది. గాజుల చప్పుడు, నవ్వులు. కొంతసేపటికి వాకిట్లో తిరుగుతున్న ఫ్యాను ఆగింది. కరెంటు పోయింది.

జీవరాజు నా దిక్కు చూశాడు. "ఇగ ఏం తీస్తది కాక? సీకట్ల ఏమొస్తది?"

నేను తువ్వాలతో మొఖం తుడుచుకున్నాను. లోపలి గదికి ఒకటే కిటికీ. అదీ చిన్నది. ప్రిస్కిల్లా ఇప్పుడు బయటికి వస్తుంది, ఇక కాదంటుంది అని తలుపే చూస్తున్నాను. తలుపు తెరుచుకోలేదు. పాట కూడా ఆగలేదు. పైగా ముందుకంటే గట్టిగా పాడుతున్నారు.

జీవరాజు ఫోను తీసి చేతిలో పట్టుకున్నాడు. "పొద్దుమూకెదాక ఆగాల్నా, ఇప్పుడే నిజామాబాదోల్లకు చెప్పాల్నా?"

"ఆగు," అన్నాను.

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. నేను ఊరికే మాట్లాడనని ఆయనకు తెలుసు.

కరెంటు మధ్యాహ్నానికి వచ్చింది. పొద్దుమూకాక ప్రిస్కిల్లా కెమెరాకు వైరు పెట్టి టీవీకి కలిపింది. ఇంటివాళ్లు, వచ్చిన చుట్టాలు అందరూ కింద కూర్చున్నారు. జీవరాజు ఒక్కడే కుర్చీలో. ఆయన తల్లి ఈరవ్వ గోడకు ఆనుకొని కూర్చుంది. ఈరవ్వకు ముందరి పండ్లు లేవు. ఎవరైనా ఫోను ఎత్తినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ఆ ఇంట్లో ఉన్న ఏ ఫోటోలో చూసినా ఈరవ్వకు కండ్లే, మూతి లేదు.

మొదలు గది కనబడింది. ట్యూబులైటు వెలుగు, ఆడవాళ్లు, నడుమ పీట మీద పెండ్లిపిల్ల. అందరూ తెరలో పట్టారు. తర్వాత వెలుగు పోయింది. జీవరాజు కుర్చీలో కదిలాడు.

చీకటి కాలేదు. కిటికీలోంచి పడే వెలుగు మెల్లగా పెరిగినట్టయింది. పెండ్లిపిల్ల ఒక చెంప మీద పసుపు మెరుస్తోంది, ఇంకో చెంప నీడలో ఉంది. పైన పసుపు పొడి గాలిలో తేలుతోంది. ఒక్కో రేణువూ కనబడుతోంది. ఆడవాళ్లు అట్లనే పాడుతున్నారు. వాళ్ల నడుమ కూర్చుని చూస్తున్నట్టుంది.

అప్పుడు ఈరవ్వ కనబడింది. మనుమరాలి ముక్కు మీద ఇంత పసుపు పెట్టి నవ్వింది. కొంగు అడ్డం లేదు. నోరంతా తెరిచి, భుజాలు ఊగేటట్టు నవ్వింది.

అందరూ ఈరవ్వ దిక్కు తిరిగారు. ఈరవ్వే అన్నది. "గీ పిల్ల ఎప్పుడు తీసిందే? నాకు ఎరుకే లేదు."

"నీ పక్కకే కూసున్న గదా అవ్వా," అన్నది ప్రిస్కిల్లా.

"నూనె గిన్నె పట్టుకొని కూసున్నవనుకున్న."

అందరూ నవ్వారు. జీవరాజు నవ్వలేదు. "జర ఎనుకకు తిప్పు," అన్నాడు. తిప్పింది. తల్లి మళ్లీ నవ్వింది. ఇంకోసారి తిప్పమన్నాడు. "మా అవ్వ గిట్ల నవ్వంగ మా బాపు సచ్చిపోయినంక నేను సూడలె," అన్నాడు.

తర్వాత కుర్చీలోంచి లేచాడు. "రేపు చర్చికి జల్ది రా. పాస్టరు అయ్యగారు గంట కొట్టంగనే మొదలు వెడ్తడు."

ప్రిస్కిల్లా తల ఊపింది. వైరు చుట్టుకొని లెన్సును మళ్లీ చున్నీలో చుట్టింది.

తెల్లారి చర్చిలో మగవాళ్లు ఒక దిక్కు, ఆడవాళ్లు ఒక దిక్కు కూర్చున్నారు. ముందర అయ్యగారు నిలబడే చోటికి అడ్డంగా ఉన్న కటకటా దాటి కెమెరా పోవద్దని, పెద్ద లైట్లు పెట్టొద్దని మా అయ్యగారి కట్టడి. వేరే పెండ్లిలో అయితే కెమెరావాళ్లు నడి తోవలో స్టాండు పాతి నిలబడతారు. వెనకవాళ్లకు వాళ్ల వీపే పెండ్లి.

ఈరోజు తోవ ఖాళీగా ఉంది. ఆడవాళ్ల దిక్కు మొదటి వరుసలో, కటకటా పక్కనే, ఈరవ్వ తన కొంగు పరిచి కొంచెం జాగా ఆపింది. ఎవరో వచ్చి కూర్చోబోతే జరగమన్నది. "గిది కెమెరా పిల్లది," అన్నది.

పెండ్లిపిల్ల తెల్ల చీరలో నడిచి వచ్చింది. అయ్యగారు వాక్యం చదవడానికి బైబిలు తెరిచాడు. జీవరాజు మెడ తిప్పి తోవ చూశాడు, వెనక చూశాడు, తలుపు దిక్కు చూశాడు. మొఖంలో గాబరా కనబడింది. నా దిక్కు వంగాడు.

"కాక, పిల్ల ఏది? రాలేదా?"

"ఉన్నది."

"యాడ?"

గడ్డంతో చూపెట్టాను. ఈరవ్వ భుజానికి ఆనుకొని, కెమెరా గడ్డం కింద పెట్టుకొని కూర్చున్నది. పక్కనున్న ఆడవాళ్లు కూడా ఆమె దిక్కు చూడడం లేదు. అందరూ పెండ్లిపిల్లనే చూస్తున్నారు.

జీవరాజుకు కనబడడానికి కొంచెం సేపు పట్టింది.

"గట్లనే ఉండనీ," అని ముందుకు తిరిగాడు.